ఆ బలం ఎవరిది?

తిరుమల ఘాట్‌లో బస్సు మలుపు తిరిగిన ప్రతిసారీ సీట్లలో ఉన్నవాళ్లంతా బయటి అంచు వైపు ఒరుగుతారు. ఎందుకని ఇంటర్ మొదటి సంవత్సరం ఎంపీసీ పిల్లల్ని అడగండి, "అపకేంద్ర బలం" అన్న జవాబు టక్కున వస్తుంది. సరే, ఆ బలంతో మిమ్మల్ని తోసింది ఎవరు? సీటా? గాలా? పక్కనున్న ప్రయాణికుడా? అక్కడ చాలామంది ఆగిపోతారు. పుంగనూరు పక్కన ఒక పొలంలో స్టార్టరు నొక్కితే బోరులోంచి నీళ్లొస్తాయి. మోటారు నీళ్లను లాగిందంటాం. నీటిని ఎక్కడ పట్టుకుని లాగింది? శ్రీహరికోట నుంచి రాకెట్ లేస్తే, మంటతో నేలను తన్ని లేచిందంటాం. నేల వదిలి వంద కిలోమీటర్లు పైకి పోయాక కూడా దాని వేగం పెరుగుతూనే ఉంటుంది. అక్కడ తన్నడానికి ఏముంది?

బలం, పీడనం, చలనం అనే మూడు పాఠాల్లో పిల్లలు తడబడే చోట్లు చాలా ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం ఒకే ప్రశ్న అడగకపోవడం వల్ల వస్తున్నాయని నా గట్టి నమ్మకం. ఆ ప్రశ్న ఇది: ఈ బలం ఎవరిది, ఎవరి మీద? లెక్కలో ఏ బలం రాసినా దాన్ని ప్రయోగించే వస్తువు పేరు కూడా రాయగలగాలి. పేరు రాయలేకపోతే ఆ బలాన్ని బలాలు గీసే పటంలోంచి కొట్టేయాలి. సూత్రాలు బట్టీపట్టి ఎంసెట్ (ఇప్పటి ఈఏపీసెట్) గట్టెక్కిన పిల్లలు ఇంజనీరింగ్ మెకానిక్స్‌లో మొదటి నెలలోనే చతికిలపడటానికి కారణం ఈ అలవాటు లేకపోవడమే.

మెకానిక్స్‌లో బలం ప్రయోగించగలవాళ్ల జాబితా చాలా చిన్నది. వస్తువును తాకుతున్నవి కొన్ని: నేల, తాడు, చెయ్యి, స్ప్రింగు, గాలి, నీళ్లు. తాకకుండా లాగేది భూమి. విద్యుత్తు, అయస్కాంతం ఉన్న లెక్కల్లో అవి కూడా చేరతాయి. అంతే. స్వేచ్ఛా వస్తు పటం, అంటే ఒక వస్తువును విడిగా గీసి దాని మీది బలాలన్నీ చూపే బొమ్మ, గీసేటప్పుడు వస్తువు చుట్టూ వేలుతో ఒక చుట్టు తిరిగి, దాన్ని ఏవేవి తాకుతున్నాయో చూడాలి. తాకిన ప్రతిచోటా ఒక బలం గీయాలి. చివర భూమి లాగుడు ఒకటి చేర్చాలి. అక్కడితో పటం పూర్తయినట్టే. "వేగం వల్ల వచ్చే బలం", "చలన బలం" లాంటివి ఎక్కడా చేరవు. వాటికి యజమాని ఉండడు.

మలుపులో ఎవరు తోశారు?

ఇప్పుడు బస్సులోకి వద్దాం. మలుపు రాకముందు బస్సూ మీరూ ఒకే దిశలో, ఒకే వేగంతో పోతున్నారు. మలుపులో బస్సు ఎడమకు తిరిగింది. మిమ్మల్ని ఎవరూ ఏమీ చేయకపోతే మీరు పాత దిశలోనే తిన్నగా పోతారు. న్యూటన్ 1687లో అచ్చు వేయించిన మొదటి నియమం చెప్పేది ఇదే. మీరు తిన్నగా పోతుంటే బస్సు మీ కింది నుంచి ఎడమకు జరిగింది. అందుకే కుడివైపు గోడ మీ దగ్గరికి వచ్చింది. మీకు మాత్రం మీరే గోడ మీదికి ఒరిగినట్టు అనిపిస్తుంది. ఇక మీ శరీరం చుట్టూ వేలు తిప్పి చూడండి. సీటు తాకుతోంది, దాని ఘర్షణ మిమ్మల్ని ఎడమకు, అంటే మలుపు లోపలి వైపుకు లాగుతోంది. గోడ తాకుతోంది, అదీ ఎడమకే తోస్తోంది. కుడివైపుకు తోసేది ఏదీ దొరకదు. మీ మీద పనిచేసిన అడ్డ బలాలన్నీ లోపలికే. వాటి మొత్తానికే అభికేంద్ర బలం అని పేరు. అభికేంద్ర బలం అనేది పటంలో విడిగా గీయాల్సిన కొత్త బలం కాదన్నది కూడా ఇక్కడే తేలిపోతుంది. సీటు, గోడ కలిసి చేసిన పనికి అది పేరు మాత్రమే.

మరి బస్సును తిప్పింది ఎవరు? చాలామంది డ్రైవరు అంటారు, కొందరు స్టీరింగ్ అంటారు. డ్రైవరు బస్సు లోపలి మనిషి. లోపల కూర్చుని ఎంత తోసినా బస్సు మొత్తం చలనం మారదు. బయటి నుంచి బస్సును తాకుతున్నవి రెండే: గాలి, రోడ్డు. తిప్పింది రోడ్డే. స్టీరింగ్ తిప్పడం వల్ల ముందు టైర్లు వాలుగా నిలబడతాయి, అప్పుడు రోడ్డు వాటిని పక్కకు తోస్తుంది.

ఆ తోపు ఎంత ఉండాలో లెక్క కట్టి చూస్తే ఘాట్ రోడ్డు మీద వేగ పరిమితి ఎందుకో అర్థమవుతుంది. మలుపు వ్యాసార్ధం 15 మీటర్లు, బస్సు బరువు జనంతో కలిపి 12 టన్నులు అనుకుందాం. గంటకు 20 కిలోమీటర్లంటే సెకనుకు ఐదున్నర మీటర్లు. వేగాన్ని వర్గం చేసి వ్యాసార్ధంతో భాగిస్తే త్వరణం సుమారు 2 మీటర్లు ప్రతి సెకను వర్గానికి. 12 టన్నుల్ని అలా తిప్పాలంటే రోడ్డు దాదాపు 25,000 న్యూటన్లతో పక్కకు తోయాలి. బస్సు బరువులో అది ఐదో వంతు. పొడి తారు మీద మంచి టైరు తన మీద పడే బరువులో 70, 80 శాతం దాకా ఘర్షణ ఇవ్వగలదు కాబట్టి ఇబ్బంది లేదు. వేగం రెట్టింపు చేసి 40 చేయండి. కావలసిన బలం రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. ఇప్పుడు బరువులో 84 శాతం కావాలి. పొడి రోడ్డు మీదే అది గండం. కార్తీక మాసం వానలో ఘర్షణ 40, 50 శాతానికి పడిపోతుంది. అప్పుడు రోడ్డు దగ్గర ఇవ్వడానికి అంత బలం లేదు. బస్సును ఎవరూ లోయలోకి తోయనక్కర్లేదు. లోపలికి తోయాల్సిన రోడ్డు చేతులెత్తేస్తే చాలు, బస్సు తన పాత దిశ పట్టుకుని పోతుంది. ఎత్తుగా ఉండే బస్సు కాబట్టి జారకముందే పల్టీ కొట్టే ప్రమాదం కూడా ఉంటుంది.

ఇంత పనీ చేస్తున్న టైర్లు రోడ్డును ఎంత మేర తాకుతున్నాయి? దీనికి పీడనం పాఠం కావాలి. బస్సు టైరులో గాలి పీడనం సుమారు 100 పీఎస్ఐ, అంటే చదరపు మీటరుకు దాదాపు 6,90,000 న్యూటన్లు. ఆరు టైర్లు బరువును సమంగా పంచుకున్నాయనుకుంటే ఒక్కోదాని వాటా 2 టన్నులు, అంటే 19,600 న్యూటన్లు. బలాన్ని పీడనంతో భాగిస్తే వైశాల్యం వస్తుంది: సుమారు 280 చదరపు సెంటీమీటర్లు. రెండు అరచేతులు పక్కపక్కన పరిచినంత జాగా. యాభై మందిని మోస్తున్న బస్సు మలుపు తిరిగేది ఆ ఆరు చిన్న ముక్కల మీదే. అరిగిన టైరుతో ఘాట్ ఎక్కవద్దని పోలీసులు చెప్పేటప్పుడు ఈ లెక్క కూడా చెబితే బాగుంటుంది.

రోడ్డు వేసే ఇంజనీర్లు మలుపుల దగ్గర బయటి అంచును కాస్త ఎత్తు చేస్తారు. అప్పుడు రోడ్డు బస్సును నిటారుగా కాకుండా లోపలికి వాలి పైకి తోస్తుంది. ఘర్షణ మీద పడాల్సిన భారంలో కొంత ఆ వాలు తోపే మోస్తుంది.

అయితే అపకేంద్ర బలం అబద్ధమా? దీనికి నిజాయితీగా జవాబు చెప్పాలి, ఎందుకంటే పైతరగతుల్లో దాన్ని ఉపయోగిస్తారు. నేల మీద నిలబడి చూసేవాడికి ఆ బలం లేదు. బస్సుతోపాటు తిరుగుతూ, బస్సే కదలకుండా ఉందనుకుని లెక్క చేసేవాడికి న్యూటన్ నియమాలు నేరుగా పనిచేయవు. వాటిని పనిచేయించడానికి ఒక బలాన్ని లెక్కలో చేర్చుకుంటారు, దాన్నే మిథ్యా బలం అంటారు. తప్పేమీ లేదు, జవాబు సరిగానే వస్తుంది. దాన్ని గుర్తుపట్టే పరీక్ష ఒకటుంది: దానికి ప్రతిచర్య ఉండదు. మీరు ఎవరిని తిరిగి తోస్తున్నారని అడిగితే అక్కడ ఎవరూ లేరు. నా మాట వింటే, మిథ్యా బలాన్ని పటంలో వేరే రంగు సిరాతో గీయండి. అభికేంద్ర, అపకేంద్ర బలాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి కాబట్టి బస్సు వలయంలో తిరుగుతుందని రాసే విద్యార్థులున్నారు. రెండూ నిజంగా రద్దయిపోతే బస్సు తిన్నగా పోవాలి కదా!

మెట్ల మీద నిలబడ్డ మనిషి

అలిపిరి నుంచి సుమారు 3,550 మెట్లు. గాలి గోపురం దగ్గర ఊపిరి తీసుకోవడానికి నిలబడ్డ 60 కిలోల మనిషిని తీసుకుందాం. భూమి అతన్ని 588 న్యూటన్లతో కిందికి లాగుతోంది. మెట్టు అతని పాదాలను 588 న్యూటన్లతో పైకి తోస్తోంది. ఈ రెండూ సమానం, వ్యతిరేకం. కాబట్టి ఇవే చర్య, ప్రతిచర్య అని రాస్తారు. రాయకూడదు. రెండూ ఒకే మనిషి మీద పనిచేస్తున్నాయి. చర్య, ప్రతిచర్య ఎప్పుడూ రెండు వేర్వేరు వస్తువుల మీద ఉంటాయి. ఇక్కడ కూడా "ఎవరిది, ఎవరి మీద" అని రాస్తే చిక్కు విడిపోతుంది. భూమి మనిషిని లాగుతోంది. తిప్పి రాయండి, మనిషి భూమిని లాగుతున్నాడు. అదీ జత. మెట్టు పాదాన్ని తోస్తోంది. తిప్పి రాయండి, పాదం మెట్టును తోస్తోంది. ఇది రెండో జత. ఒక జతలోంచి ఒకటి, ఇంకో జతలోంచి ఒకటి తీసి ముడి వేయడమే తప్పు. అతను గెంతాడనుకోండి, మెట్టు ఆ క్షణంలో 588 కంటే ఎక్కువ తోస్తుంది, భూమి లాగుడు మాత్రం 588 దగ్గరే ఉంటుంది. చర్య, ప్రతిచర్యలైతే ఎన్నటికీ విడిపోకూడదు.

అతను మళ్లీ నడక మొదలుపెట్టి ఒకే వేగంతో ఎక్కుతున్నాడు. పైకి పోతున్నాడు కాబట్టి పైకి తోసే బలం ఎక్కువుండాలి అనిపిస్తుంది. అడుగడుగుకీ కాస్త హెచ్చుతగ్గులుంటాయి గానీ, సగటున మెట్టు తోపు అతని బరువుకు సమానమే. వేగం మారనప్పుడు నికర బలం సున్నా. బలం ఉంటేనే చలనం ఉంటుందన్న పాత నమ్మకం అరిస్టాటిల్ కాలం నుంచీ ఉంది, మన ఒంటికి కూడా అదే నిజమనిపిస్తుంది, ఎందుకంటే బండి తోయడం ఆపితే ఆగిపోవడమే చిన్నప్పటి నుంచీ చూస్తున్నాం. దాన్ని ఆపింది నేల ఘర్షణ అనే ఇంకో యజమాని అని గుర్తించడానికి మనుషులకు రెండు వేల ఏళ్లు పట్టింది. పదహారేళ్ల పిల్లవాడికి ఒక్క పీరియడ్‌లో ఎక్కలేదని విసుక్కోవడం న్యాయం కాదు.

బలాలు సమానమైతే అలసట ఎక్కడిది? అది శక్తి లెక్క. తిరుపతికి, తిరుమలకు ఎత్తు తేడా 700 మీటర్లు అనుకుంటే, 60 కిలోల ఒంటిని పైకి చేర్చడానికి 4 లక్షల జౌళ్లకు పైగా కావాలి, అంటే దాదాపు 100 కిలో కేలరీలు. కండరాలు తిన్నదానిలో నాలుగో వంతు మాత్రమే పనిగా మారుస్తాయి కాబట్టి ఖర్చు 400 దాకా పోతుంది. మిగిలిందంతా వేడి, చెమట. దిగేటప్పుడు ఇదే లెక్క తిరగబడుతుంది. 12 టన్నుల బస్సు కొండ దిగితే 8 కోట్ల జౌళ్లకు పైగా ఎక్కడో ఒకచోట వదిలించుకోవాలి. 250 లీటర్ల నీళ్లను మరిగించేంత వేడి అది. అంతా బ్రేకుల మీదే పెడితే అవి కాలిపోతాయి. అందుకే 1944లో వేసిన మొదటి ఘాట్ రోడ్డు మీదుగా దిగే బస్సు డ్రైవర్లు చిన్న గేరులో ఉంచి ఇంజను చేత ఆపిస్తారు. ఎలక్ట్రిక్ బస్సులైతే మోటారునే జనరేటరుగా మార్చి, అందులో కొంత తిరిగి బ్యాటరీలోకి పంపుతాయి.

బోరు అడుగున మోటారు ఎందుకు?

నాకు ఈ మొత్తం విషయంలో అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇది. చిత్తూరు జిల్లాలో పాత దిగుడు బావులు చూసినవాళ్లకు ఒకటి గుర్తుంటుంది. మోటారు బావి గట్టు మీద ఉండేది కాదు. బావి లోపల సగం దూరంలో దిమ్మె కట్టి దాని మీద బిగించేవాళ్లు. ఎండాకాలం నీళ్లు కిందికి పోతే మోటారునూ కిందికి దింపేవాళ్లు. ఇంకో పది అడుగుల పైపు అతికిస్తే సరిపోదా, మోటారెందుకు దింపడం? సరిపోదు. ఎంత పెద్ద మోటారు పెట్టినా, గట్టు మీద ఉండి పది మీటర్ల కిందున్న నీటిని పైకి తేలేదు. ఆచరణలో ఏడెనిమిది మీటర్లకే ఆగిపోతుంది.

కారణం, నీటిని లాగడానికి అక్కడ ఎవరూ లేరు. మోటారు చేసే పని పైపులోని గాలిని బయటికి తోసేయడమే. అప్పుడు పైపు లోపల పీడనం తగ్గుతుంది. బావిలో నీటి మీద బయటి గాలి ఎప్పటిలాగే నొక్కుతూ ఉంటుంది. పైపులో అడ్డు తగ్గింది కాబట్టి బయటి గాలి నీటిని పైపులోకి తోస్తుంది. నీటిని ఎక్కించిన బలానికి యజమాని మన నెత్తి మీదున్న వాతావరణం. అది సముద్ర మట్టం దగ్గర చదరపు మీటరుకు సుమారు 1,01,300 న్యూటన్లు, అంటే పది టన్నులకు పైచిలుకు బరువు నొక్కినంత. అడుగు వైశాల్యం ఒక చదరపు మీటరున్న నీటి స్తంభం పది టన్నులు తూగాలంటే ఎంత ఎత్తుండాలి? 10.3 మీటర్లు. గాలి తన శక్తి మేరకు తోసినా అంతకంటే ఎత్తుకు తోయలేదు. పైపులో శూన్యమే చేసినా లాభం లేదు, ఎందుకంటే శూన్యం దేన్నీ పట్టుకోలేదు.

ఈ హద్దు పదిహేడో శతాబ్దంలో ఇటలీలో పంపులు పెట్టేవాళ్లకు తెలుసు. గెలీలియో దీని గురించి ఆలోచించి, నీటి స్తంభం పొడవెక్కువైతే తన బరువుకు తానే తాడులా తెగిపోతుందని అనుకున్నాడు. ఆయనంతటివాడు కూడా నీటిని పైనుంచి ఏదో లాగుతోందనే భావించాడు. ఆయన శిష్యుడు టారిచెల్లి ప్రశ్నను తిరగేశాడు: పైనుంచి లాగడం లేదు, బయటి నుంచి గాలి తోస్తోంది. అదే నిజమైతే నీటికంటే 13.6 రెట్లు బరువైన పాదరసం 13.6 రెట్లు తక్కువ ఎత్తుకే ఎక్కాలి. 10.3 మీటర్లను 13.6తో భాగించి చూడండి, 76 సెంటీమీటర్లు. 1640లలో చేసిన ప్రయోగంలో పాదరసం సరిగ్గా ఆ ఎత్తు దగ్గరే ఆగింది. బారోమీటరు అలా పుట్టింది.

మన బోర్లకు వద్దాం. పడమటి మండలాల్లో బోరు వెయ్యి అడుగులు దాటడం మామూలైపోయింది. గాలి తోపు పది మీటర్లకే చాలిస్తే, మూడొందల మీటర్ల లోతు నీళ్లు పైకెలా వస్తాయి? మోటారునే నీళ్లలో ముంచి. సబ్‌మెర్సిబుల్ మోటారు నీటి కింద ఉండి పైకి తోస్తుంది. తోయడానికి వాతావరణం పెట్టిన హద్దు లేదు, మోటారు సత్తువే హద్దు. 300 మీటర్ల నీటి స్తంభాన్ని మోయాలంటే పంపు నోటి దగ్గర వాతావరణ పీడనానికి దాదాపు 29 రెట్ల పీడనం కావాలి. ఒక్క చక్రం అంత పీడనం ఇవ్వలేదు కాబట్టి చక్రాల్ని ఒకదాని మీద ఒకటి పేరుస్తారు. ఒక చక్రం తోసిన నీళ్లను రెండోది అందుకుని ఇంకాస్త తోస్తుంది. దుకాణంలో "ఎన్ని స్టేజీల మోటారు కావాల?" అని అడిగేది ఈ చక్రాల లెక్కే.

ఒక సూక్ష్మం ఇక్కడ చాలామంది వదిలేస్తారు. మోటారును 1,000 అడుగుల దగ్గర దింపినా, బోరులో నీటిమట్టం నేల నుంచి 300 అడుగుల లోతులోనే ఉంటే, మోటారు తోయాల్సింది ఆ 300 అడుగులే. కింది 700 అడుగుల మేర పైపు బయట కూడా నీళ్లే ఉన్నాయి కదా, అవి మోటారు అడుగు నుంచి తోస్తూ లోపలి నీటి బరువును సరిచేసేస్తాయి. పైపు రాపిడికి పోయేది కొంత ఉంటుంది, అంతే. నీటిమట్టం పడిపోయేకొద్దీ అదే మోటారు, అదే కరెంటు తక్కువ నీళ్లు పోస్తుంది. మట్టం 300 మీటర్లకు పడిపోతే ఒక్కో లీటరును నేల మీదికి తేవడానికి దాదాపు 3,000 జౌళ్లు. 5 హార్స్ పవర్ మోటారు సెకనుకు 3,730 జౌళ్ల పని ఇస్తుంది, అందులో సగం నీటికి చేరిందనుకున్నా సెకనుకు ముప్పాతిక లీటరు కూడా రాదు. బోరు ఎండకముందే నీళ్లు సన్నగిల్లడం వెనక భూగర్భంలో నీళ్లు తగ్గడం ఎలాగూ ఉంది. దానికి ఈ ఎత్తు లెక్క కూడా తోడవుతుంది.

నీళ్లు బాగా తక్కువున్న బోర్లలో కొందరు కంప్రెసర్ పెడతారు. అది నీటిని తాకను కూడా తాకదు, సన్న పైపు గుండా గాలిని అడుగుకు పంపుతుంది. బుడగలు కలిసిన నీళ్లు మామూలు నీళ్లకంటే తేలికవుతాయి. అప్పుడు పైపు బయటున్న బరువైన నీళ్లు లోపలి తేలిక నీళ్లను పైకి తోసేస్తాయి. యజమాని ఇక్కడ పక్కనున్న నీరే.

కొండెక్కితే

గాలి బరువే పీడనానికి మూలమైతే, కొండెక్కినవాడి మీద గాలి తక్కువుంటుంది కాబట్టి పీడనం తగ్గాలి. ఫ్రాన్స్‌లో పాస్కల్ ఇలాగే ఆలోచించి, తన బావ పెరియే చేత ప్యుయి ద డోమ్ అనే కొండ ఎక్కించాడు. 1648 సెప్టెంబరు 19న వెయ్యి మీటర్లకు దగ్గరగా ఎక్కేసరికి పాదరసం 8 సెంటీమీటర్లకు పైగా దిగింది. మన ఏడుకొండల మీద కూడా ఈ ప్రయోగం చేసుకోవచ్చు. పాదరసం అక్కర్లేదు, చాలా ఫోన్లలో పీడనం కొలిచే సెన్సరు ఉంటుంది. అలిపిరిలో ఒకసారి, పైకి చేరాక ఒకసారి చూస్తే పీడనం సుమారు 8 శాతం తగ్గి కనిపిస్తుంది. పాదరసంలో చెబితే 5 నుంచి 6 సెంటీమీటర్లు. ఫిజిక్స్ ప్రాక్టికల్ రికార్డులో రాసే చాలా ప్రయోగాల కంటే ఇది విలువైనదని నా అభిప్రాయం.

ఘాట్‌లో చెవులు దిబ్బడ వేయడం ఈ 8 శాతం వల్లే. చెవి డప్పు (కర్ణభేరి) వెనక తిరుపతి గాలి అలాగే చిక్కుకుని ఉంటే, ముందు తిరుమల గాలి ఉంటుంది. డప్పు వైశాల్యం సుమారు అర చదరపు సెంటీమీటరు. పీడనంలో తేడాను దానితో గుణిస్తే 40 గ్రాముల బరువు మోపినంత బలం బయటికి తోస్తుంది. గుటక వేస్తే లోపలి గాలి గొంతు దారిన బయటపడి రెండువైపులా సమమవుతుంది. ఇక్కడ గమనించాల్సింది, తిరుపతిలో ఉన్నప్పుడు అదే డప్పు మీద ఒక్కో పక్క అర కిలో బరువంత బలం ఉన్నా మనకు తెలియలేదు. నికర బలం వచ్చేది పీడనం వల్ల కాదు, రెండు పక్కల మధ్య తేడా వల్ల. పీడనానికి దానికంటూ దిశ లేదు. ఒక తలం చూపిస్తేనే ఆ తలానికి లంబంగా బలం అవుతుంది. కొండ మీద చిప్స్ ప్యాకెట్లు బూరెల్లా ఉబ్బేది కూడా ఈ తేడాతోనే.

తేడా పైకీ కిందికీ మధ్య ఉన్నప్పుడు పుట్టే పైతోపే ఉత్ప్లవన బలం. తిరుపతి నుంచి చిత్తూరు వెళ్లే దారిలో గాదంకి దగ్గర జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది. అక్కడి నుంచి వదిలే వాతావరణ బెలూన్‌ను పైకి తోసేది లోపలి వాయువు కాదు. బెలూన్ అడుగున గాలి పీడనం, నెత్తిన ఉన్న పీడనం కంటే రవ్వంత ఎక్కువ. ఆ తేడాతో చుట్టూ ఉన్న గాలే తోస్తుంది. లోపలి వాయువు చేసే సాయమల్లా తేలికగా ఉండటమే. 30 కిలోమీటర్ల పైన పీడనం నేల మీదున్నదానిలో నూటికి ఒక వంతుకు వస్తుంది. బెలూన్ ఉబ్బి ఉబ్బి పగిలిపోతుంది.

రాకెట్ తన్నేది దేన్ని?

2022లో జిల్లాలు విడదీశాక శ్రీహరికోట తిరుపతి జిల్లాలోకి వచ్చింది. కాబట్టి ఈ చివరి ప్రశ్న కూడా మన జిల్లాదే. రాకెట్ పొగ నేలను, గాలిని తంతుందని, అందువల్లే పైకి లేస్తుందని నమ్మేవాళ్లు తక్కువమంది కాదు. 1920 జనవరిలో న్యూయార్క్ టైమ్స్ పత్రిక సంపాదకీయంలోనే, శూన్యంలో రాకెట్ పనిచేయదని అమెరికా రాకెట్ శాస్త్రవేత్త గొడ్డార్డ్‌ను ఎద్దేవా చేశారు. అపోలో 11 చంద్రుడి దారిలో ఉండగా, 1969 జూలై 17న ఆ పత్రిక తప్పు ఒప్పుకుంది.

రాకెట్ తాకుతున్నది దేన్ని? తన లోపల మండుతున్న వాయువును. రాకెట్ ఆ వాయువును కిందికి తోస్తుంది, వాయువు రాకెట్‌ను పైకి తోస్తుంది. జత పూర్తయింది, మూడోవాడితో పనిలేదు. 2023 జూలై 14న చంద్రయాన్-3ను మోసుకెళ్లిన ఎల్‌వీఎం3 బరువు సుమారు 640 టన్నులు. భూమి దాన్ని 6,270 కిలోన్యూటన్లతో లాగుతుంది. లేచేటప్పుడు మండేవి పక్కనున్న రెండు ఎస్200 బూస్టర్లే, మధ్యలోని ద్రవ ఇంధన దశ తర్వాత అంటుకుంటుంది. ఒక్కో బూస్టరు గరిష్ఠ తోపు 5,150 కిలోన్యూటన్లు. రెండూ కలిపి 10,300. తేడా 4,000 పైచిలుకు. దాన్ని ద్రవ్యరాశితో భాగిస్తే గరిష్ఠ లెక్కలో సెకను వర్గానికి 6.3 మీటర్ల త్వరణం వస్తుంది. లేచేటప్పుడు రాకెట్ నింపాదిగా కదిలినట్టు కనిపించేది అందుకే, రాయి కింద పడేటప్పుడు పొందే త్వరణం కూడా దానికి లేదు.

ఆ తోపు ఎక్కడి నుంచి వచ్చిందో ఇంకో దారిన కూడా చూడొచ్చు. రెండు బూస్టర్లు కలిపి 400 టన్నుల ఇంధనాన్ని దాదాపు 130 సెకన్లలో తగలేస్తాయి, సెకనుకు 3 టన్నులు. అది సెకనుకు రెండున్నర కిలోమీటర్లకు పైగా వేగంతో బయటికి పోతుంది. సెకనుకు బయటికి పోయే ద్రవ్యవేగమే (ద్రవ్యరాశి ఇంటూ వేగం) బలం. రెంటినీ గుణిస్తే సగటున 8,000 కిలోన్యూటన్లకు దగ్గరగా వస్తుంది. రెండో నియమాన్ని ద్రవ్యరాశి ఇంటూ త్వరణం అని మాత్రమే నేర్చుకున్నవాళ్లకు ఈ దారి కనిపించదు. న్యూటన్ చెప్పింది ద్రవ్యవేగం మార్పు గురించే. ఇంధనం పోయేకొద్దీ ద్రవ్యరాశి తగ్గుతుంది, అదే తోపుకు త్వరణం పెరుగుతూ పోతుంది.

పీడనం వైపు నుంచి చూస్తే ఇంకా స్పష్టం. నాలుగు పక్కలా మూసేసిన డబ్బాలో వాయువు అన్ని గోడలనూ తోస్తుంది, ఎదురెదురు తోపులు సమానమై డబ్బా కదలదు. కింది పక్క తెరవండి. పై గోడ మీద తోపు అలాగే ఉంది, దానికి ఎదురు నిలవాల్సిన కింది గోడ లేదు. రాకెట్‌ను ఎత్తుతున్నది బూస్టరు లోపల పై గోడ మీద, నాజిల్ (వాయువు బయటికి పోయే మూతి) వాలు గోడల మీద నొక్కుతున్న వాయువు. ఇక బయటి గాలి పాత్ర ఏమిటి? అది సాయం చేయకపోగా అడ్డుపడుతుంది. నాజిల్ మూతి 3 మీటర్ల వెడల్పుంటే దాని వైశాల్యం 7 చదరపు మీటర్లు. నేల మట్టం దగ్గర ఆ మేరకు వాతావరణం 7 లక్షల న్యూటన్లకు పైగా తోపును కోసేస్తుంది, అంటే 70 టన్నుల పైమాట. రాకెట్ ఎత్తుకు పోయేకొద్దీ ఈ కోత తగ్గుతుంది, గాలి లేని చోట సున్నా అవుతుంది. అందుకే ఒకే ఇంజనుకు నేల మీద ఒక తోపు, శూన్యంలో అంతకంటే ఎక్కువ తోపు రాస్తారు.